అప్పు సంగతి తర్వాత, ముందు మీ జీతం రాసుకోండి

ప్రశ్న: మాది తణుకు. ఎనిమిదేళ్లుగా ఇంటి దగ్గరే పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతున్నాను. ఆరుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. నెలకు 3 లక్షల అమ్మకం, ఖర్చులు పోను 36 వేలు మిగులుతోంది. ఒక సూపర్‌మార్కెట్ వాళ్లు నెలకు 2 లక్షల సరుకు తీసుకుంటామన్నారు. డబ్బు 60 రోజులకు ఇస్తారట. షెడ్డుకీ మిషన్లకీ 10 లక్షలు అప్పు చేయవచ్చా?

జవాబు: అమ్మా, మీ లెక్కలో ఒక మనిషి కూలి రాలేదు. ఆ మనిషి మీరే. మీరు చేసే పనికి ఇంకొకరిని పెట్టుకుంటే 20 వేలన్నా ఇవ్వాలి. అది తీసేస్తే వ్యాపారానికి నిజంగా మిగిలేది 16 వేలు. 10 లక్షలు 12 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెల వాయిదా దాదాపు 22,244 రూపాయలు. కొత్త ఆర్డరు డబ్బుతో కడదామంటే అది రెండు నెలలు ఆలస్యం. అంటే మీ సరుకు 4 లక్షల మేర ఎప్పుడూ వాళ్ల దగ్గరే ఉండిపోతుంది.

ఈ 60 రోజుల షరతు ఒప్పుకోకండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉచితం. మీకది లేకపోతే వెంటనే చేయించండి. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, మీలాంటి తయారీదారుకు ఒప్పందం రాసుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. పైగా ఆ గడువు దాటిన బాకీని, చెల్లించేదాకా వాళ్లు ఆదాయపన్నులో ఖర్చుగా చూపించుకోలేరు. వాళ్ల అకౌంటెంటుకు ఇది తెలిసే ఉంటుంది. దెబ్బలాడక్కర్లేదు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేసి, 30 రోజులకు అడగండి. మొదట్లో నెలకు 50 వేల సరుకే ఇవ్వండి.

ఇక అసలు సంగతి. రాజమహేంద్రవరంలో నా దగ్గర సలహా తీసుకునే ఒకావిడది మీలాంటి వ్యాపారమే. అప్పు చేసి కలిపే మిషను కొన్నారు. ఒక మధ్యాహ్నం గంటసేపు అక్కడ కూర్చున్నాను. ఆ గంటలో తొమ్మిదిసార్లు ఎవరో ఒకరు అరచేతిలో ఇంత పచ్చడి పట్టుకొచ్చి "ఉప్పు సరిపోయిందా అమ్మగారూ?" అని అడిగారు. మిషను పనిని తొందర చేసింది గానీ, ఆవిడ నాలుక కోసం వేచి ఉండే బకెట్లు పెరిగాయి. సొంత మేనకోడలి పెళ్లికి మే నెలలో ఒక్క పూట వెళ్లి వచ్చేశారు.

ఆ ఏడాది కొలతలన్నీ తూకంలోకి మార్చించాం. ముక్క ఇన్ని కిలోలకు ఉప్పెంత, కారమెంత, నూనెంత అని బోర్డు మీద రాసి గోడకు తగిలించారు. అందరిలో పాతామెకు 1,500 జీతం పెంచి, స్టోరు తాళం చేతికిచ్చారు. ఐదు వేల లోపు కొనుగోలు ఆమె ఇష్టం. మొదటి నెలలోనే రెండు బకెట్లు ఉప్పెక్కాయి. ఆవిడ తాళం వెనక్కి తీసుకుంటారేమోనని భయపడ్డాను. తీసుకోలేదు. ఆ నష్టాన్ని పని నేర్పిన ఖర్చు కింద ఖాతాలో రాసుకున్నారు. ఇన్నేళ్లలో నేను చూసిన మంచి పెట్టుబడుల్లో అదొకటి.

లిజ్జత్ అప్పడాలు తెలుసు కదా. 1959లో ముంబైలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి మొదలుపెట్టారు. వానాకాలంలో అప్పడాలు ఎండక నాలుగు నెలలు పని ఆపేశారు. మరుసటి ఏడు ఒక మంచం, ఒక స్టవ్వు కొన్నారు. మంచం మీద అప్పడాలు, కింద స్టవ్వు. పని ఎక్కడ ఆగిందో అక్కడికి సరిపడా మాత్రమే కొన్నారు. మీ దగ్గర పని ఆగుతున్నది షెడ్డు లేకనా, మీరు చూసి సరే అనేదాకానా?

అప్పు వద్దనను. మామిడికాయ, మిరప, నూనె అన్నీ వేసవిలో కొంటారు, అమ్మకం ఏడాది పొడవునా. దానికి వాయిదాల అప్పు కాక, క్యాష్ క్రెడిట్ అడగండి. అంటే బ్యాంకు ఇచ్చిన పరిమితి లోపల కావలసినప్పుడు తీసుకుని, డబ్బు రాగానే తిరిగి కట్టే ఖాతా. వాడుకున్న డబ్బుకే వడ్డీ. చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం ముద్రలో కిశోర్ విభాగం కింద 5 లక్షల వరకు తాకట్టు లేకుండా వస్తుంది.

వచ్చే 1వ తేదీ నుంచి 20 వేలు మీ సొంత ఖాతాకు జీతంగా వేసుకోండి. వారానికొక రోజు పనిచోటుకు వెళ్లకండి, ఫోను కూడా చేయకండి. మూడు నెలల తర్వాత, మీరు లేని రోజుల లెక్కలు విడిగా రాసి పంపండి. షెడ్డు ఎంతలో కట్టాలో అప్పుడు కూర్చుని చూద్దాం.