కొత్త బావిలో డ్రిల్లింగ్ వేగం మోడల్ ఎందుకు తప్పుతుంది?

ఆరు చమురు బావుల డేటాతో, డ్రిల్లింగ్ వేగాన్ని అంచనా వేసే రాండమ్ ఫారెస్ట్ (చాలా డెసిషన్ ట్రీల సగటుతో జవాబు చెప్పే మోడల్) తయారుచేస్తే టెస్టులో ఆర్-స్క్వేర్ (1కి దగ్గరైన కొద్దీ అంచనా మెరుగు) 0.96 వచ్చిందనీ, ఏడో బావిలో మాత్రం అంచనాలు ఎక్కడా కలవడం లేదనీ, న్యూరల్ నెట్‌వర్క్‌కి మారాలా అనీ అడిగారు.

మారొద్దు. ముందు ఆ 0.96 ఎలా వచ్చిందో చూడండి. మీరు వరుసలన్నీ కలగలిపి 80–20గా విడగొట్టారు. డ్రిల్లింగ్ డేటాలో పక్కపక్క వరుసలు దాదాపు ఒకేలా ఉంటాయి. 1500.0 మీటర్ల వరుస ట్రైనింగ్‌లోకీ 1500.2 టెస్టులోకీ వెళ్తే మోడల్ రాయి గురించి నేర్చుకునేదేమీ ఉండదు, పక్క వరుసను చూసి రాసేస్తుంది. బావుల వారీగా విడగొట్టండి: ఐదింటితో నేర్పి ఆరోదానిపై పరీక్షించండి, ఇలా ఆరుసార్లు. స్కోరు బాగా పడిపోతుంది. మీ అసలు స్కోరు అదే.

తర్వాత ప్రతి కాలమ్‌కీ ఒకటే పరీక్ష: బిట్ (రాయిని తవ్వే కొన) ఆ లోతులో ఉన్న క్షణానికి ఈ విలువ నిజంగా చేతిలో ఉందా? ఎంఎస్ఈ (కొంత ఘనపరిమాణం రాయిని తవ్వడానికి పట్టే శక్తి), డి-ఎక్స్‌పోనెంట్ (రాయి ఎంత తేలిగ్గా తవ్వబడుతుందో చెప్పే సూచిక) రెండూ ఈ పరీక్షలో తప్పుతాయి, వాటి సూత్రాల్లోనే ఆర్ఓపీ, అంటే మనం అంచనా వేయాల్సిన డ్రిల్లింగ్ వేగం, ఉంది కాబట్టి. రాతి సహజ రేడియోధార్మికతను కొలిచే గామా రేతో చిక్కు ఇంకా లోతైనది. సెన్సర్ బిట్‌కి చాలా మీటర్లు పైన ఉంటుంది. ఫైనల్ లాగ్‌లో లోతు సరిచేసి ఉంటుంది కనుక ట్రైనింగ్‌లో బిట్ ముందున్న రాయి మోడల్‌కి తెలిసిపోతుంది, రిగ్ మీద తెలియదు. సెన్సర్ 12 మీటర్లు పైన ఉంటే, 1500 దగ్గర 1488 మీటర్ల గామానే ఇవ్వండి. ఆర్ఓపీని స్మూత్ చేసేటప్పుడూ అంతే: విండో వెనక్కి మాత్రమే ఉండాలి, మధ్యలో పెడితే ముందు మీటర్ల సమాచారం కారిపోతుంది.

చాలామంది పట్టించుకోనిది, బిట్ మీద బరువును తనంతట తానే సర్దే ఆటో-డ్రిల్లర్. అది వేగ పరిమితి మీద నడుస్తుంటే, అంటే కటింగ్స్ (తవ్విన రాతి ముక్కలు) పేరుకోకుండా గంటకు 30 మీటర్లకు మించొద్దని కట్టేసి ఉంటే, అక్కడ బిట్ మీద బరువు వేగాన్ని నిర్ణయించడం లేదు, వేగమే బరువును నిర్ణయిస్తోంది. ఆ వరుసలు కలిస్తే, తక్కువ బరువుతోనే మంచి వేగం వస్తుందని మోడల్ తప్పుగా నేర్చుకుంటుంది. గ్రాఫ్‌లో ఆర్ఓపీ ఒకే గీత మీద నిలిచిపోయిన భాగాలను గుర్తించి తీసేయండి.

శుభ్రపరచడంలో మిగతావి మీకు తెలిసే ఉంటాయి: -999.25 అంటే ఖాళీ, బిట్ లోతు బావి లోతుకు 0.2 మీటర్లలోపు లేని వరుసలు (బిట్ అడుగున లేనివి) అక్కర్లేదు. ఒకటి మాత్రం మరవొద్దు. మడ్ మోటార్ (మడ్ అనే డ్రిల్లింగ్ ద్రవం ప్రవాహంతో బిట్‌ను తిప్పేది) ఉంటే, స్లైడింగ్‌లో, అంటే పైపును తిప్పకుండా తవ్వేటప్పుడు, పైన ఆర్‌పీఎం సున్నాగా కనిపించినా కింద బిట్ తిరుగుతూనే ఉంటుంది. మోటార్ స్పెసిఫికేషన్‌లో లీటరుకు ఎన్ని తిరుగుళ్లో ఉంటుంది. దాన్ని నిమిషానికి పంపయ్యే మడ్ లీటర్లతో హెచ్చవేసి పైన ఆర్‌పీఎంకి కలపండి. స్లైడింగ్‌కి వేరే గుర్తు పెట్టండి.

టార్గెట్‌గా గంటకు మీటర్లు కాక, మీటరుకు నిమిషాలు పెట్టమంటాను. 10 మీటర్లు గంటకు 30 చొప్పున, మరో 10 మీటర్లు గంటకు 10 చొప్పున తవ్వితే మొత్తం 80 నిమిషాలు పడుతుంది, సగటు వేగం 15, 20 కాదు. ఖర్చంతా నెమ్మదిగా సాగే రాతిలోనే ఉంది, మోడల్ శ్రద్ధ కూడా అక్కడే ఉండాలి.

ఫీచర్లలో బిట్ రకం, సైజు, మడ్ బయటికొచ్చే నాజిల్‌ల మొత్తం వైశాల్యం, ఆ బిట్ ఇప్పటికే తవ్విన మీటర్లు తప్పక ఉండాలి. చివరిది లేకపోతే అరిగిన బిట్‌నూ గట్టి రాతినీ మోడల్ విడదీయలేదు. గ్రేడియంట్ బూస్టింగ్ (ముందు చెట్ల తప్పును తర్వాతి చెట్టు సరిదిద్దే పద్ధతి) తీసుకుని, చెట్ల లోతు 4–6 దాటనీయకండి. చెట్ల మోడల్ చూసిన పరిధి దాటి ఊహించలేదు: ట్రైనింగ్‌లో బరువు 15 టన్నుల వరకే ఉంటే, 20 టన్నుల దగ్గరా అదే జవాబు చెబుతుంది. దాన్ని నమ్మి బరువు పెంచకండి.

పోలికకు, గత 10 మీటర్ల సగటునే తర్వాతి మీటరుకు అంచనాగా పెట్టి చూడండి. మీ మోడల్ దీన్ని దాటలేకపోతే ఫీచర్ల దగ్గరికే తిరిగి రావాలి. పద్ధతి సరిచూసుకోవడానికి చమురు కంపెనీ ఈక్వినార్ 2018లో బయటపెట్టిన నార్వే వోల్వ్ చమురు క్షేత్రం డేటా అందుబాటులో ఉంది, అందులో రియల్-టైమ్ డ్రిల్లింగ్ రికార్డులూ ఉన్నాయి.