రాత్రంతా ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉంచితే కెరీర్ వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం. ‘ఫోల్డింగ్ ఎట్ హోమ్’ అని రాత్రంతా గేమింగ్ ల్యాప్‌టాప్ ఆన్‌లోనే ఉంచుతాడు. ప్రొటీన్ల పరిశోధనకట. పాయింట్లు వస్తున్నాయి, రెజ్యూమెలో పెడతానంటున్నాడు. మాకేమో కరెంటు బిల్లు టెన్షన్. మాన్పించమంటారా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఇది మోసమేమో అన్న అనుమానం ఉంటే ముందు అది వదిలేయండి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో 2000లో మొదలైన ప్రాజెక్టు ఇది. ప్రొటీన్ల కదలికలను లెక్కగట్టే పెద్ద పనిని చిన్న ముక్కలుగా చేసి, ఇళ్లలోని కంప్యూటర్లకు పంపుతారు. 2020లో కరోనా సమయాన లక్షల మంది చేరడంతో దాని వేగం ఎక్సాఫ్లాప్ దాటింది. అంటే సెకనుకు ఒకటి పక్కన 18 సున్నాలన్ని లెక్కలు. అప్పటికి ఏ సూపర్‌కంప్యూటరూ అక్కడికి చేరలేదు.

కానీ రెజ్యూమె విషయంలో మీవాడు పొరబడుతున్నాడు. ఆ పాయింట్లు మీ కరెంటుకు, ల్యాప్‌టాప్‌లోని జీపీయూకు (గ్రాఫిక్స్ చిప్) వచ్చినవి. ఇంటర్వ్యూలో “ఇందులో నువ్వేం చేశావు?” అని అడిగితే “ఆన్ చేసి పడుకున్నాను సార్” అనాల్సి వస్తుంది.

అసలు సరుకు లోపల ఉంది. ఇలాంటి ప్రాజెక్టులు చాలావాటిని నడిపే ‘బాయింక్’ సాఫ్ట్‌వేర్ అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో తయారైంది. ఓపెన్ సోర్స్, అంటే కోడ్ ఎవరైనా చూడొచ్చు. ఎక్కువ భాగం సీ ప్లస్ ప్లస్ భాషలో రాసింది. దాన్ని తెరిచి చూడమనండి. సగం పనిలో కరెంటు పోతే ఏం చేస్తారు? ఎక్కడిదాకా వచ్చిందో మధ్యమధ్యలో సేవ్ చేస్తారు. ఎవరైనా తప్పుడు జవాబు పంపితే? చాలా ప్రాజెక్టుల్లో ఒకే ముక్కను ఇద్దరికి పంపి పోల్చి చూస్తారు. గడువులోగా జవాబు రాకపోతే మరొకరికి పంపుతారు. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల సర్వర్లలోనూ తలనొప్పి ఇదే.

ఈ సెలవుల్లో ముగ్గురు స్నేహితుల ల్యాప్‌టాప్‌లు కలిపి ఒక లెక్కను పంచే చిన్న ప్రోగ్రాం రాయమనండి. మధ్యలో ఒకటి ఆపేసినా పని పూర్తి కావాలి. కోడ్, ఎక్కడెక్కడ తప్పిందో వివరంగా గిట్‌హబ్‌లో (కోడ్ అందరికీ కనిపించేలా పెట్టే వెబ్‌సైట్) పెట్టాలి. రెజ్యూమెలో రాయాల్సింది అది.

తర్వాత దారి వాడి ఇష్టాన్ని బట్టి. ప్రొటీన్లే నచ్చితే కంప్యుటేషనల్ బయాలజీ, అంటే కంప్యూటర్‌తో జీవశాస్త్ర పరిశోధన. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో దానికి పరిశోధన కేంద్రమే ఉంది. యంత్రాల వైపు మనసుంటే లినక్స్, ఎంపీఐ (చాలా కంప్యూటర్లకు పని పంచే పద్ధతి), ‘కుడా’ (CUDA, జీపీయూలకు ప్రోగ్రాం రాసే పద్ధతి) నేర్చుకుని గేట్ రాయాలి. 2015లో మొదలైన జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌లో ‘పరమ్ సేవ’ సూపర్‌కంప్యూటర్ వచ్చింది. కేంద్ర ప్రభుత్వ కంప్యూటింగ్ పరిశోధన సంస్థ సీడాక్ కూడా ఈ రంగంలోదే. అయితే పరిశోధన ఉద్యోగాలు తక్కువ, చాలావాటికి ఎంటెక్, పీహెచ్‌డీ అడుగుతారు. బీటెక్‌తోనే ఉద్యోగం కావాలంటే ఇవే నైపుణ్యాలతో సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లొచ్చు.

ఇక బిల్లు. ల్యాప్‌టాప్ 150 వాట్లు తీసుకుంటుందనుకుంటే, రాత్రి 8 గంటలకు 1.2 యూనిట్లు, నెలకు 36. స్లాబు మారితే ఇంకా భారం. పూర్తిగా మాన్పించొద్దు, రోజుకు రెండు గంటలు చాలు. ఎండాకాలం ఆపేయమనండి, ల్యాప్‌టాప్ వేడికి బ్యాటరీ పాడవుతుంది.

బిల్లు మిగులుతుందని కాలేజీ ల్యాబ్‌లో మాత్రం చెప్పకుండా పెట్టనివ్వకండి. అమెరికాలోని జార్జియాలో ఒక కాలేజీ ఉద్యోగి ఇలాంటి ప్రోగ్రామే కాలేజీ కంప్యూటర్లలో పెట్టి క్రిమినల్ కేసులో ఇరుక్కున్నాడు. హెచ్‌ఓడీ దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోవాల్సిందే.