రిపోర్టులన్నీ నార్మలే, తిమ్మిర్లు మాత్రం తగ్గవు: జబ్బు పేరు తేలకపోతే ఎలా నెట్టుకురావాలి?

ఏడాదిగా కాళ్లలో తిమ్మిర్లు, మంటలు, అప్పుడప్పుడు కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం ఉన్నాయని రాశారు. ఎమ్మారై, నరాల పరీక్ష, రక్తపరీక్షలు అన్నీ నార్మల్. ఇద్దరు న్యూరాలజిస్టులు కంగారు పడాల్సిందేమీ లేదన్నారు, మీవారేమో అంతా టెన్షనే అంటున్నారు. కొన్నేళ్లుగా నాదీ దాదాపు ఇదే పరిస్థితి. నా జబ్బుకు ఇప్పటికీ పేరు లేదు. నేను డాక్టర్ని కాదు, హైస్కూలు టీచర్ని. పేరు లేని జబ్బుతోనే రోజూ బడికి వెళ్తున్నాను కాబట్టి నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ముందు ఆ ‘నార్మల్’ సంగతి. ఎమ్మారైలో కనబడేది మెదడు, వెన్నుపాము ఆకారం: గడ్డ ఉందా, డిస్కు నొక్కుతోందా, మచ్చలున్నాయా అని. అవి లేవని తేలడం మంచి వార్తే, దాన్ని తక్కువ చేయకండి. ఇక కాళ్లకు చిన్న చిన్న షాకులిచ్చి చేసే ఎన్‌సీఎస్ పరీక్ష లావుపాటి నరాల తంతువులనే కొలుస్తుంది. మంట, నొప్పి, వేడి, చలి తెలిపే సన్న తంతువులు దానికి అందవు. అవి దెబ్బతిన్నా రిపోర్టు నార్మల్‌గానే రావొచ్చు. దీన్ని స్మాల్ ఫైబర్ న్యూరోపతి అంటారు. చీలమండకు కాస్త పైన 3 మిల్లీమీటర్ల చర్మం ముక్క తీసి, అందులో నరాల కొసలు లెక్కపెట్టే బయాప్సీ ఒకటుంది. అన్ని ఊళ్లలో దొరకదు, అందరికీ అవసరం కూడా లేదు. మీకు మంట ఎక్కువంటున్నారు కాబట్టి దీని పేరు చెప్పి అడగండి.

రక్తపరీక్షలో విటమిన్ బీ12 అంకె అంచున ఉంటే దాన్నీ వదలొద్దు. అలాంటప్పుడు హోమోసిస్టీన్, మిథైల్‌మలోనిక్ యాసిడ్ పరీక్షలతో లోపం నిజంగా ఉందో లేదో చాలావరకు తేలుతుంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు పాంటాప్రజోల్ లాంటివి ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గొచ్చు. మరోపక్క నరాల బలానికని మింగే మాత్రల్లో బీ6 ఎక్కువ మోతాదులో చాలాకాలం పోతే, అదే తిమ్మిర్లు తెచ్చిపెడుతుంది. కొన్ని భస్మాల్లో సీసం, ఆర్సెనిక్ ఉండి నరాలు దెబ్బతిన్నవాళ్లూ ఉన్నారు. అందుకని మీరు వాడే ప్రతి మాత్రా, పొడీ, లేహ్యమూ ఒక సంచిలో వేసుకెళ్లి డాక్టర్ బల్ల మీద పెట్టండి.

మన దగ్గర మేనరికాలు ఎక్కువ. మీ అమ్మానాన్నలది మేనరికమైనా, దగ్గరివాళ్లలో ఎవరికైనా నడక తేడాగా ఉన్నా, డాక్టర్ అడక్కపోయినా చెప్పండి. వంశపారంపర్యంగా వచ్చేవి చూడాలంటే హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ సంస్థ ఉన్నాయి.

ఇంకొకటి, దీన్ని భయపడకుండా చదవండి. మెదడు, నరాల నిర్మాణం బాగానే ఉండి, అవి పనిచేసే తీరులో తేడా వచ్చే జబ్బు ఉంది: ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్. వణుకు, బలహీనత, తిమ్మిర్లు, ఫిట్స్ లాంటివి ఇందులో రావొచ్చు. ఏమీ దొరకలేదు కదా అని అంటగట్టే పేరు కాకూడదది, దానికంటూ గుర్తులున్నాయి. ఉదాహరణకు, పడుకోబెట్టి బలం లేని కాలిని పరుపులోకి నొక్కమంటే నొక్కలేరు. రెండో కాలు పైకెత్తమంటే మాత్రం ఆ బలం లేని కాలే గట్టిగా కిందికి నొక్కుకుంటుంది. దీన్ని 1908లో వర్ణించిన డాక్టర్ పేరుతో హూవర్ గుర్తు అంటారు. ఇది నటన కాదు, దీనికి తగిన ఫిజియోథెరపీ ఉంది, బాగుపడినవాళ్లూ ఉన్నారు. ఎవరైనా ఈ పేరు చెబితే అవమానపడకుండా, ఏ గుర్తు చూసి చెప్పారో చూపించమనండి.

నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఒక నోటుబుక్కు. కాళ్లు తిమ్మిరి అని ఊరికే రాస్తే డాక్టర్‌కు ఏమీ తెలియదు. నేను ఇలా రాసేదాన్ని: ‘మూడో పీరియడ్. బోర్డు దగ్గర నడుస్తున్నాను. ఎడమ చెప్పు జారి వెనక ఉండిపోయింది. పిల్లలు చెప్పేదాకా తెలియలేదు. నొప్పి లేదు.’ ఇంకో రోజు: ‘ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే తూలి గోడ పట్టుకున్నాను. కళ్లు తెరవగానే సర్దుకుంది.’ ఈ రెండోది చదివి మా న్యూరాలజిస్టు పెన్ను పక్కన పెట్టేశారు. పాదం ఎక్కడుందో మెదడుకు చెప్పే నరాలు సరిగ్గా పనిచేయకపోతే మనం కళ్ల సాయంతో నిలబడతామట. కళ్లు మూస్తే ఆ ఆసరా పోతుంది. ఆ రోజు రిఫ్లెక్సులు, ట్యూనింగ్ ఫోర్కు (తడితే అదిరే లోహపు కడ్డీ) పరీక్ష అన్నీ మళ్లీ మొదటినుంచి చేశారు. పేరు అప్పుడూ తేలలేదు. కానీ ఏమీ లేదన్న మాట ఆయన నోట మళ్లీ రాలేదు.

మావారిలో మార్పు కూడా ఆ గదిలోనే వచ్చింది. ఫోర్కు నా బొటనవేలి మీద పెట్టి, అదరడం ఆగగానే చెప్పమన్నారు. ఆగిపోయిందన్నాను. డాక్టర్ వెంటనే దాన్ని తీసి మావారి వేలికి ఆనించారు. అదింకా అదురుతూనే ఉంది. ఆ తర్వాత ఇంట్లో టెన్షన్ అనే మాట వినబడలేదు. అందుకే మీవారిని బయట బెంచీ మీద కూర్చోబెట్టకండి, లోపలికి తీసుకెళ్లండి. టెన్షన్ వల్ల బాధ పెరగడం నిజమే. కానీ ఏడాదిగా కాళ్లు మండుతున్న మనిషికి టెన్షన్ మానుకో అని చెప్పి ఊరుకోవడం అన్యాయం.

రెండో అభిప్రాయం ఎలాగూ తీసుకున్నారు. ఇక ఓపిగ్గా వినే డాక్టర్ని ఒకరిని ఖాయం చేసుకోండి. మారుస్తూ పోతే ప్రతిచోటా అవే పరీక్షలు మళ్లీ రాస్తారు. నరాల జబ్బులు కొన్ని కాలం గడిస్తేగానీ బయటపడవు. కాబట్టి మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి, ఏ మార్పు వస్తే ముందే రావాలి అని అడిగి రాయించుకోండి. పేరు తేలేదాకా నొప్పి భరించాల్సిన పని కూడా లేదు. ప్రీగాబలిన్, డ్యులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి కారణం తేలకపోయినా నరాల నొప్పికి ఇస్తారు. డాక్టర్ చెప్పినట్టే వాడాలి, సొంతంగా ఒక్కసారిగా ఆపేయకూడదు.

ఇంట్లో వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. కాళ్ల మీద వేడినీళ్లు పోసుకునే ముందు మోచేత్తో చూసుకోండి. రాత్రి బాత్రూం దారిలో చిన్న లైటు వేసి ఉంచండి. పడుకునే ముందు అరికాళ్లు చూసుకోండి, ముల్లు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. అర్ధరాత్రి ఫోన్‌లో జబ్బుల పేర్లు వెతికే అలవాటుంటే దయచేసి మానండి. నిద్ర చెడితే మర్నాడు మంట ఎక్కువవుతుంది, నాకిది ప్రతిసారీ కనబడింది. మనసు మరీ కుంగిపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మూతి వంకర పోవడం, మాట తడబడడం, ఒక పక్క చెయ్యో కాలో పడిపోవడం, ఒక్కసారిగా చూపు పోవడం జరిగితే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు, లక్షణాలు మొదలైనప్పటి నుంచి మామూలుగా 4.5 గంటలే గడువు. కాళ్ల బలహీనత రోజురోజుకూ పైకి పాకుతున్నా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా, మూత్రం ఆగిపోయినా లేదా అదుపు తప్పినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

మీకు షుగర్ ఉందా, బీ12 అంకె ఎంత వచ్చింది, మంట రెండు పాదాలకూ ఒకేలా ఉందా అన్నవి మీరు రాయలేదు. కింద కామెంట్‌లో రాయండి. డాక్టర్‌ని ఏమేం అడగాలో ఒక కాగితం మీద పెట్టుకోవడానికి సాయం చేస్తాను.