31 అంశాల జాబితా గురించి ఒక ఉత్తరం

చిరంజీవికి,

ఆశీస్సులు. మన పక్షి సంరక్షణ సంఘం కార్యవర్గం నిన్ను ప్రభుత్వ విధానాల ఉపసంఘానికి కన్వీనరుగా ఎన్నుకున్నదని తెలిసి చాలా సంతోషించాను. నువ్వు పంపిన 31 అంశాల జాబితా అందింది. వచ్చే రెండేళ్లలో ప్రభుత్వాన్ని మనం ఏమేమి అడగాలో వాటిని ముందువెనుకలుగా పేర్చి పంపమన్నావు. రెండుసార్లు చదివాను గాని పేర్చలేకపోయాను. అందులో తప్పని కొట్టివేయదగినది ఒక్కటీ లేదు, నా ఇబ్బంది కూడా అదే. ముప్పై ఏళ్లుగా పిట్టల కోసం తిరిగినవాళ్లు పది మంది కూర్చుంటే ఇలాంటి జాబితా గంటలో తయారవుతుంది. అయితే అది మన బాధల జాబితాయే గాని, కార్యాలయం బల్ల మీద పెట్టి అడగగలిగిన కోరికల జాబితా కాదు. “చిత్తడి నేలలను కాపాడాలి” అని మొదటి అంశంగా రాశావు. ఆ మాటను కాదనేవారు ఎవరూ ఉండరు, దాని కింద సంతకం పెట్టేవారూ ఎవరూ ఉండరు.

కాబట్టి పేర్చడానికి ముందు ఒక పని చెయ్యి. ప్రతి అంశాన్నీ ఒకే వాక్యంగా తిరగరాయి. ఏ అధికారి లేదా ఏ సభ, ఏ కాగితంలో, ఏ మాటను, ఏ తేదీలోగా మార్చితే మన పక్షికి మేలు జరుగుతుందో ఆ వాక్యంలో ఉండాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి దొరకకపోయినా ఆ అంశాన్ని అధ్యయనానికి అని రాసిన అట్టలోకి మార్చు. పారవేయనక్కరలేదు, మరొక ఏడాది పనికివస్తుంది. నేను కూర్చుని ప్రయత్నిస్తే నీ 31 అంశాలలో తొమ్మిదింటికే అలాంటి వాక్యం కుదిరింది. ఆ తొమ్మిదిలోనూ మూడు నిజానికి ఒకే నిర్ణయానికి మూడు పేర్లు.

ఇంత పట్టుబట్టడానికి కారణం రాబందుల కథ. మన దేశంలో తెల్లవీపు రాబందుల సంఖ్య 1992 నుంచి 2007 లోపల 99.9 శాతం పడిపోయింది. ఆ రోజులలో ఒక రాబందు కళేబరాన్ని కోసి పరీక్షిస్తుండగా నేను పక్కన నిలబడి చూశాను. కాలేయం మీద, గుండె పొర మీద సున్నం పూసినట్టు తెల్లని పొడి పేరుకుని ఉంది. మూత్రపిండాలు పాడై, యూరిక్ ఆమ్లం బయటికి పోలేక లోపలి అవయవాల మీద పేరుకున్నదని డాక్టరు గారు చెప్పారు. అప్పటికి కారణం ఎవరికీ తెలియదు. ఆవాసం పోయిందనీ, తిండి కరువైందనీ, ఏదో అంటువ్యాధి వచ్చిందనీ తలా ఒక మాట అనేవాళ్లం, మా వినతిపత్రాలు కూడా అంత వదులుగానే ఉండేవి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా రాబందులకు చేరి వాటి మూత్రపిండాలను చంపుతున్నదని 2004లో పరిశోధకులు ప్రచురించిన తరువాత, అడగవలసిన మాట ఒక్క వాక్యానికి కుదించుకుపోయింది. ఆ మందును పశువైద్యానికి తయారుచేయడానికి ఇచ్చిన లైసెన్సులు రద్దు చేయాలి. రెండేళ్లలో, 2006లో, భారతదేశం, నేపాల్, పాకిస్తాన్ మూడూ ఆ నిషేధం తెచ్చాయి.

అంత త్వరగా కావడానికి మన అరుపులు కారణమని అనుకోకు. ఆపవలసిన వస్తువు ఒక్కటే, ఆపగల అధికారం ఎవరిదో స్పష్టంగా ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా రైతుకు ఇవ్వడానికి బదులు మందు చేతిలో ఉంది. మెలాక్సికమ్ అనే ఆ మందు రాబందులకు హాని చేయదని అదే 2006లో రుజువైంది. ఎడ్లు నొప్పితో మూలుగుతున్నా ఊరుకోండని చెప్పవలసి వచ్చి ఉంటే మనం ఎన్ని ఫొటోలు చూపించినా ఆ కోరిక నెగ్గేది కాదు. అందుకే నీ తొమ్మిది వాక్యాల పక్కన “దీనికి బదులు ఏమిటి?” అని ఒక గడి గీసుకో. ఖాళీగా మిగిలిన గడి ఎదుటివారికి ఎక్కడ నష్టం కలుగుతుందో చూపిస్తుంది, ముందు చదవవలసింది దానినే.

అక్కడితో ఆ కథ ముగియలేదు. పశువులకు నిషేధించినా మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలలోని డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పశువులకు వాడకం సాగుతూ వచ్చింది. 2015లో ఆ ఇంజెక్షన్‌ను 3 మిల్లీలీటర్ల ఒక్క మోతాదు సీసాలకు పరిమితం చేశారు. పెద్ద పశువుకు ఒక్క మోతాదు ఇవ్వాలన్నా అలాంటి చిన్న సీసాలు ఎన్నో విప్పాలి. సీసా పరిమాణాన్ని మార్చిన ఆ చిన్న సవరణ నాకు ఈనాటికీ ముచ్చటగా అనిపిస్తుంది. తరువాత రాబందులకు అపాయమని తేలిన కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే మరి రెండు నొప్పి మందులను పశువైద్యంలో నిషేధించేసరికి 2023 వచ్చింది. ఒక కోరికను ప్రాధాన్యంగా ఎంచుకోవడమంటే ఇన్నేళ్లు దాని వెంట ఉంటామని సంఘం తరఫున మాట ఇవ్వడమే. ఉత్తర్వు వచ్చిన రోజు మిఠాయి పంచుకుని మరొక పనికి మళ్లే అలవాటు మనకుంది. ఆ అలవాటు ఉన్నంతకాలం మూడుకు మించి పెట్టుకోకు.

ఇప్పుడు నా స్వంత తప్పు ఒకటి చెప్పాలి. ఒక నదిలో ఇసుక తిన్నెల మీద, నీటి మీద ఎగురుతూ చేపలు పట్టే టర్న్ పక్షులు గుడ్లు పెట్టేవి. అవి గూడు కట్టవు, ఇసుకలో అరచేతి లోతున గుంట చేసి రెండు మూడు గుడ్లు ఉంచుతాయి, రంగు కలిసిపోయి పక్కన అడుగు వేస్తే గాని కనిపించవు. ఎండాకాలంలో పైనున్న ఆనకట్ట నుంచి నీరు వదిలిన మరునాడు వెళ్తే తిన్నె అంచున నురుగులో గుడ్లు తేలుతూ ఉండేవి. మేము రెండేళ్లపాటు వన్యప్రాణుల సంరక్షణ చూసే కార్యాలయానికి తిరిగాము. అక్కడి అధికారి మర్యాదస్తుడు, ప్రతిసారీ టీ ఇప్పించేవారు. చివరికి ఒకనాడు నీటి విడుదల కాగితం తెప్పించి, ఆఖరి పేజీలో సంతకం మీద వేలు పెట్టి, “ఇది మా శాఖది కాదండీ” అన్నారు. విడుదల తేదీలను నీటిపారుదల ఇంజనీర్లు ఏడాదికి ఒక్కసారి, పక్షులు గుడ్లు పెట్టడానికి నాలుగు నెలల ముందే, ఒక సమావేశంలో ఖరారు చేస్తారట. మేము ఏటా గుడ్లు కొట్టుకుపోయిన తరువాత వినతిపత్రం ఇచ్చేవాళ్లం. మూడో ఏడు ఆ సమావేశానికి నెల ముందు ఇంజనీర్లను కలిసి, మూడు వారాల వ్యవధిలో నీటిమట్టం ఎంతకు మించకుండా ఉంటే చాలో ఒక పేజీలో రాసి ఇచ్చాము. వదిలే నీటిని తగ్గించమని మేము అడగలేదు, కొద్దికొద్దిగా వదలమన్నాము. వారు పంట కాలువల లెక్కలు ముందు వేసుకుని గంటసేపు కుస్తీ పట్టి ఒప్పుకున్నారు.

అందువల్ల నీ పట్టికలో తేదీల వరుస తప్పకుండా ఉండాలి. బడ్జెట్ ప్రతిపాదనలు ఎప్పుడు మొదలవుతాయి, అభయారణ్యం నిర్వహణ ప్రణాళిక గడువు ఎప్పుడు తీరుతుంది, ఏ లైసెన్సు ఎప్పుడు పునరుద్ధరణకు వస్తుంది, ఏ నియమాలకు ముసాయిదా రాబోతున్నది అనేవి ముందే తెలుసుకో. ముసాయిదా వెలువడిన తరువాత అభ్యంతరాలకు ఇచ్చే గడువు వారాలలోనే ఉంటుంది, అప్పుడు కూర్చుని ఆధారాలు వెతికితే చేతికి ఏమీ అందదు. రెండు కోరికలు సమాన బలంతో ఉంటే, నిర్ణయం ముందుగా జరగబోయేదానిని పైన పెట్టు.

ఏ పక్షిని ముందు పెట్టాలి అని కూడా అడిగావు. దీనికి మంచి ఆధారం ఉంది. దేశంలోని పక్షుల స్థితిపై 2023లో వెలువడిన నివేదిక, 30 వేల మందికి పైగా పరిశీలకులు నమోదు చేసిన వివరాలతో 942 జాతులను అంచనా వేసి, 178 జాతులను అత్యధిక ప్రాధాన్యం గలవిగా గుర్తించింది. దానిని పక్కన పెట్టుకోవలసిందే. అయితే ఆ 178 పేర్లను విధానాల జాబితాగా మార్చాలని చూడకు. ఏ జాతి ఆపదలో ఉన్నదో ఆ నివేదిక చెబుతుంది, ఎవరిని ఏమడగాలో మాత్రం చెప్పదు. జాతులను వాటి పేర్లతో కాక, వాటికి హాని చేస్తున్న నిర్ణయాలను బట్టి గుంపులు కట్టి చూడు. గడ్డిభూములను బంజర్లుగా లెక్కగట్టి చెట్లు నాటించే ఒక్క వర్గీకరణ మారితే, గడ్డిలోనే బతికే ఎన్ని నేలపిట్టలకు ఒకేసారి చోటు మిగులుతుందో నీకే అర్థమవుతుంది. చెట్లు నాటడం తప్పెలా అవుతుందని మన సభ్యులే అడుగుతారు, వారికి జవాబు సిద్ధం చేసుకో.

సభ్యుల ఓటింగుకు పెడదామన్న నీ ఆలోచన మీద నాకు అనుమానం ఉంది. ఓటు పెడితే అందమైన పక్షి గెలుస్తుంది, లేదా గట్టిగా మాట్లాడేవాడి ఊహ గెలుస్తుంది. సభ్యుల నుంచి వాక్యాలు తీసుకో, ఆధారాలు తీసుకో, నిర్ణయం మాత్రం ఐదుగురు కూర్చుని కారణాలు రాసి చేయండి. పక్కన పెట్టిన అంశాలనూ, ఎందుకు పెట్టారో ఆ కారణాన్నీ మినిట్స్‌లో రాసి అందరికీ పంపు. కాదన్న దానికి కారణం చెప్పినవాడిని జనం క్షమిస్తారు.

చిన్న సంఘం కాబట్టి పెద్ద చట్టాల వైపే చూడవద్దు. అద్దాలకు ఢీకొని పిట్టలు చనిపోవడాన్ని తీసుకో. కిటికీ అద్దం మీద రెక్కలు విప్పిన ఆకారంలో ధూళి ముద్ర ఒకటి మిగిలి, కింద గచ్చు మీద పిట్ట పడి ఉండడం నువ్వూ చూసే ఉంటావు. అమెరికాలో ఏడాదికి 36.5 కోట్ల నుంచి 98.8 కోట్ల వరకు పక్షులు ఇలా చనిపోతున్నాయని 2014లో ఒక అధ్యయనం అంచనా వేసింది. ఇంత పెద్ద సమస్యను న్యూయార్క్‌లో నగరసభ స్థాయిలోనే పట్టుకున్నారు. కొత్త భవనాలలో దిగువ 75 అడుగుల మేర పక్షులకు కనిపించే రకం సామగ్రి వాడాలని 2019లో నిబంధన చేశారు. భవన నిర్మాణ నియమాల కమిటీకి ఎవరూ వెళ్లరు, అందుకే అక్కడ మన మాట వినిపిస్తుంది.

మంచి పని వల్ల చెడు జరిగే చోట మరింత జాగ్రత్త కావాలి. సౌర, పవన విద్యుత్తు కావలసిందే, ఆ విద్యుత్తును మోసే తీగలకు తగిలి బట్టమేక పక్షులు చనిపోతున్నదీ నిజమే. ఆ పక్షి నేల వైపు చూస్తూ ఎగురుతుంది, ఎదురుగా ఉన్నది దానికి సరిగా కనిపించదు, పెద్ద ఒళ్లు కాబట్టి చటుక్కున మళ్లలేదు. ఆ పక్షి తిరిగే విశాల ప్రాంతంలో తీగలను భూగర్భంలోకి మార్చాలని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సవరించి, ఎక్కడ సాధ్యమో తేల్చడానికి నిపుణుల కమిటీని వేసింది. కోర్టు తలుపు నేను మూయమనడం లేదు గాని, అమలు చేయవలసినవారు ఒప్పుకోని తీర్పు మళ్లీ మళ్లీ విచారణకు వస్తూనే ఉంటుంది. ఇలాంటి అంశంలో “వ్యతిరేకిస్తున్నాము” అని రాసే కంటే, ఏ లైను ఎన్ని కిలోమీటర్ల మేర, ఏ వైపు మళ్లితే చాలో పటం గీసి ఇవ్వు. ఆ పటం నీ దగ్గర లేకపోతే ఈ అంశం ఇంకా ప్రాధాన్యం కాదు, అధ్యయనం అట్టలో ఉంచు.

ఎదుటి పక్షం అనుకున్నవారే ఒక్కొక్కసారి తోడుకు వస్తారు. అమెరికాలో 1934 నుంచి బాతుల వేటగాళ్లు వేటకు వెళ్లాలంటే ఏటా ఒక స్టాంపు కొని తీరాలి, ఆ డబ్బుతోనే అక్కడ ఎన్నో చిత్తడి నేలలు కొని కాపాడారు. మన కోరిక వల్ల ఎవరికి ఖర్చు పెరుగుతుందో వారిని, అధికారిని కలవడానికి ముందే వెళ్లి కలువు. పశువైద్యుడు, చేపలు పట్టేవాడు, లైన్‌మన్ ఎవరైనా సరే, వారు చెప్పే అభ్యంతరం నీ వాక్యంలో తప్పును బయటపెడుతుంది. వీధి పిల్లుల విషయం మాత్రం ఈ రెండేళ్లూ ముట్టుకోకు. అవి పిట్టలను చంపుతాయన్నది నిజమే, కాని సంఘంలో సగం మంది ఇళ్లలో పిల్లులున్నాయి, కొత్త కన్వీనరు మొదటి సమావేశమే ఆ తగువుతో గడిచిపోతుంది.

పని గంటలు కూడా లెక్క వేసుకో. ఒక కోరికను సరిగా నడపాలంటే వారానికి రెండు రోజులు ఇవ్వగల మనిషి ఒకరు కావాలి. మీకు అలాంటివారు ముగ్గురే ఉన్నారు. ఆ ముగ్గురి సమయంలోనూ నాలుగో వంతు ఎవరికీ కేటాయించకుండా వదిలెయ్యి, అనుకోకుండా ఒక ముసాయిదా వచ్చినప్పుడో, ఒక చెరువు పూడ్చడం మొదలైనప్పుడో అది అక్కరకు వస్తుంది. ఇక మూడింటిలో ఒకటి, ఉన్న రక్షణను ఎవరూ సడలించకుండా కాపలా కాసేది అయి ఉండాలి. దానికి చప్పట్లు పడవు, పేరు రాదు, కాబట్టి ఎవరూ కోరుకోరు. ఆ పనిని నీ దగ్గరే ఉంచుకో.

సమావేశానికి ఇంకా మూడు వారాలు ఉన్నాయి. ఆ తొమ్మిది వాక్యాలూ నీ మాటలలో రాసి ముందు నాకు పంపు, ఎర్ర కలంతో దిద్ది నాలుగు రోజులలో తిప్పి పంపుతాను. టర్న్ పక్షుల కోసం ఆనాడు నేను నీటి విడుదల తేదీలు రాసుకున్న నోటుపుస్తకం ఈ ఉత్తరంతో పాటు పెడుతున్నాను. మధ్యలో రెండు పేజీలు తడిసి సిరా చెదిరింది, మిగిలినవి చదవడానికి వీలుగానే ఉన్నాయి.

శుభాశీస్సులతో,
నీ పెదనాన్న