అలారం మోగుతుంది, లేవాలనిపించదు

ప్రశ్న: నా వయసు 41. కొన్నేళ్లుగా పరిగెడుతున్నాను, హాఫ్ మారథాన్లు పూర్తి చేశాను. ఇంకో నాలుగు నెలల్లో జరిగే ఫుల్ మారథాన్‌కి పేరిచ్చాను. చలికాలంలో హుషారుగా సాగిన శిక్షణ ఎండలు ముదిరాక తలకిందులైంది. ఒకప్పుడు కబుర్లు చెబుతూ పరిగెత్తిన వేగానికే ఇప్పుడు రొప్పు వస్తోంది. ఒక ఆదివారం లాంగ్ రన్ మధ్యలో ఆపేసి నడుచుకుంటూ ఇంటికొచ్చాను. అప్పటి నుంచి అలారం మోగినా లేవబుద్ధి కావడం లేదు. రన్నింగ్ గ్రూపులో అందరూ కిలోమీటర్ల లెక్కలు పెడుతుంటే నేనూ పరిగెత్తినట్టే రాసేశాను, ఒక్కసారి కాదు. నా భార్య మానేయమంటోంది. ఆమె మాట వింటే ఓడిపోయినట్టు ఉంటుంది, వినకపోతే గొడవ. నాలో పట్టుదలే లేదేమోనని టెన్షన్‌గా ఉంది. మళ్లీ ఉత్సాహం ఎలా తెచ్చుకోవాలి?

జవాబు: మీరు ఎండ గురించి ఇంత రాసి, అబద్ధం గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. నా చూపు ఆ వాక్యం దగ్గరే ఆగింది. దాని సంగతి తరువాత మాట్లాడుకుందాం. ముందు ఎండ విషయం తేలాలి, ఎందుకంటే దాని తప్పు కూడా మీరు మీ నెత్తినే వేసుకున్నారు.

పరిగెత్తేటప్పుడు కండరాలు వాడే శక్తిలో ఎక్కువ భాగం వేడిగానే మారిపోతుంది. ఆ వేడిని బయటికి పంపడానికి శరీరం రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది. కాళ్లకు కావలసింది కూడా ఆ రక్తమే. పైగా చెమట పోయేకొద్దీ రక్తంలో నీరు తగ్గి, గుండె ఒక్కో దెబ్బకు పంపగలిగే రక్తమూ తగ్గుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి అది మరిన్నిసార్లు కొట్టుకోవాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరదు, ఊరికే కారిపోతుంది. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అంటే చలికాలపు వేగంతో ఇప్పుడు పరిగెడితే మీ గుండెకు అది అప్పటి పరుగు కాదు, చాలా గట్టి పరుగు. వాచ్‌లో వేగం తగ్గినంత మాత్రాన మీ ఫిట్‌నెస్ పోయిందని కాదు.

ఈ కష్టం మీ ఒక్కరిదే అనుకోకండి. 2019లో దోహాలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఎండ తప్పించుకోవడానికి మహిళల మారథాన్‌ను అర్ధరాత్రి మొదలుపెట్టారు. అయినా బయలుదేరిన 68 మందిలో 40 మందే గమ్యం చేరారు. ఆగిపోయినవాళ్లంతా తమ దేశాల తరఫున ఎంపికైన అథ్లెట్లు. టోక్యో ఒలింపిక్స్ మారథాన్లను వేడికి భయపడే ఉత్తరాన ఉన్న సప్పోరోకు మార్చారు. 2021లో అక్కడ స్వర్ణం గెలిచిన ఎలియుడ్ కిప్‌చోగేకి పట్టిన సమయం 2 గంటల 8 నిమిషాల 38 సెకన్లు. అప్పటి ప్రపంచ రికార్డు కూడా ఆయనదే, 2 గంటల 1 నిమిషం 39 సెకన్లు. ఒలింపిక్స్‌లో పేసర్లు, అంటే వేగం నిలబెట్టడానికి ముందు పరిగెత్తేవాళ్లు, ఉండరు, పోటీ తీరు వేరు, కాబట్టి తేడా అంతా వేడిదే అనను. కానీ ఆ రోజు ఆయన తన రికార్డు వేగం కోసం పరిగెత్తలేదు, ఆ రోజుకు తగ్గట్టు పరిగెత్తి గెలిచారు. మీరేమో చలికాలపు మిమ్మల్ని రోజూ పందానికి పిలుస్తున్నారు. రోజూ ఓడిపోతుంటే ఎవరికి మాత్రం లేవాలనిపిస్తుంది?

శరీరం వేడికి అలవాటు పడుతుంది. దాదాపు రోజూ కొంతసేపు వేడిలో తేలికగా కదిలితే 10 నుంచి 14 రోజుల్లో రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, అందులో పోయే ఉప్పు తగ్గుతుంది. మీరు పరుగు ఆపింది బహుశా ఈ మార్పు మధ్యలోనే. మళ్లీ మొదటి నుంచి అలవాటు చేసుకోవాలి, అంతే.

ఉత్సాహం వచ్చాక లేద్దామని ఎదురుచూడకండి. ఇలాంటప్పుడు అది ముందు రాదు, నాలుగు పరుగులు హాయిగా సాగాక వస్తుంది. మొదటి రెండు వారాలూ వాచ్‌లో వేగం కనబడకుండా పెట్టుకోండి. కిలోమీటర్లు వద్దు, నిమిషాలు చాలు. ఇరవై నిమిషాలు, పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత నెమ్మదిగా. ఆయాసం వస్తే నడవండి, అది కూడా శిక్షణే. పది నిమిషాల తరువాత వెనక్కి వచ్చేసే హక్కు మీకు ఉంచుకోండి. ఆ హక్కు ఉందని తెలిస్తే బూట్లు వేసుకోవడం తేలికవుతుంది. తెల్లవారుజామున ఉష్ణోగ్రత తక్కువ ఉన్నా తేమ ఎక్కువ ఉండొచ్చు, సాయంత్రం రోడ్డు ఇంకా సెగలు కక్కుతుంటుంది. రెండూ ప్రయత్నించి మీకు పడేది ఎంచుకోండి. వారంలో ఒక వేగవంతమైన పరుగు ఉండాలనుకుంటే ఫ్యాన్ ముందు ట్రెడ్‌మిల్ మీద చేయండి. ట్రెడ్‌మిల్ విసుగే, కాదనను. కానీ ఎండలో మూడోవంతులో ఆగిపోయిన స్పీడ్ వర్కౌట్ కన్నా అదే నయం.

నీళ్ల విషయంలో రెండు వైపులా ప్రమాదముంది. పరుగుకు ముందూ తరువాతా బరువు చూసుకుంటే చెమటగా ఎంత పోయిందో తెలుస్తుంది. ముందుకన్నా తరువాత బరువు పెరిగిందంటే అవసరానికి మించి తాగారని అర్థం. అలా తాగితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ఇక ఆ అబద్ధం. మీరు చెడ్డవారని నేను అనుకోవడం లేదు. ఆ ఆదివారం ఆగిపోయినందుకు సిగ్గుపడ్డారు, ఆ సిగ్గు కనబడకుండా అంకెలతో కప్పారు. కానీ ఇప్పుడు అవే మీకు అడ్డం వస్తున్నాయి. కాగితం మీద మీరు శిక్షణలో ఉన్నారు, కాళ్లేమో ఆగిపోయి ఉన్నాయి. ఆ లెక్క ప్రకారం వచ్చే వారం ఇంకా ఎక్కువ దూరం పరిగెత్తాలి. దాన్ని నమ్మి దిగితే మోకాలో పిక్కో దెబ్బతింటుంది. అందుకని దిగరు, మళ్లీ ఇంకో దొంగలెక్క రాస్తారు. గ్రూపులో అందరి ముందూ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. శిక్షణ చూసే కోచ్‌కో, నమ్మకమున్న ఒక స్నేహితుడికో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి: "కొన్ని వారాలుగా నేను పరిగెత్తలేదు, రాసినవి నిజం కాదు, నా ప్లాన్ మళ్లీ వేయాలి." ఆ గ్రూపు నోటిఫికేషన్లు కొన్నాళ్లు ఆపేయండి. చెప్పాక వాళ్లలోనూ ఒకరిద్దరు తమ లెక్కల గురించి నోరు విప్పినా నేను ఆశ్చర్యపోను.

మీ భార్య విషయంలో మీరు గెలుపోటముల లెక్క వేస్తున్నారు. ఆమె భయంలో న్యాయం ఉంది. వడదెబ్బ పరిగెత్తేవాళ్లకు నిజంగా వస్తుంది, ప్రాణాలు తీస్తుంది. వాదించకుండా ఆమెకు మీ హద్దులు చెప్పండి: ఏ దారిలో వెళ్తారో, ఎన్నింటికి తిరిగొస్తారో, ఆలస్యమైతే ఎవరికి ఫోన్ చేయాలో. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా, చలి పుట్టినట్టు అనిపించినా అక్కడికక్కడే ఆపేస్తానని మాటివ్వండి, నిలబెట్టుకోండి. ఎండలో పరిగెత్తినవారు తికమకగా మాట్లాడినా, తూలినా అంబులెన్స్ కోసం చూస్తూ కూర్చోకూడదు, వెంటనే చల్లటి నీళ్లతో ఒళ్లంతా తడిపి చల్లబరచాలని ఇద్దరూ తెలుసుకుని ఉండండి. ఇంకో మాట కూడా అడగండి, ఆమెకు బాధ ఎండ గురించేనా, సెలవు రోజు సగం మీరు పరుగుకే ఇచ్చేయడం గురించి కూడానా అని. జవాబు మీరు అనుకున్నది కాకపోవచ్చు.

మారథాన్ శిక్షణ ప్రణాళికలు చాలావరకు 16 నుంచి 20 వారాలవి. మీకు నాలుగు నెలలున్నాయి, అంటే చేయిదాటిపోలేదు. నెల రోజులు నెమ్మదిగా పరిగెత్తి చూడండి. అప్పటికి తేలికపాటి గంట పరుగు కుదిరితే ముందుకు వెళ్లండి. కుదరకపోతే నిర్వాహకులను అడిగి హాఫ్‌కి మారండి, లేదా వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. 42.195 కిలోమీటర్లు ఈ ఏడే పరిగెత్తి తీరాలని మీరు తప్ప ఎవరూ పట్టుబట్టడం లేదు.

ఒక్క అనుమానం మాత్రం తీర్చుకోండి. పరుగు మీదే కాక పని మీద, మనుషుల మీద కూడా ఆసక్తి పోయిందా? నిద్ర, ఆకలి మారాయా? రెండు వారాలకు మించి ఇలాగే ఉంటే అది ఎండ వల్లే కాకపోవచ్చు, డిప్రెషన్ కావొచ్చు, రక్తహీనతో థైరాయిడో కావొచ్చు. రక్తపోటుకో అలర్జీకో మందులు వాడుతుంటే వాటిలో కొన్ని శరీరం వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి ఎప్పుడైనా ఉన్నాయంటే, డాక్టర్ గుండె పరీక్ష చేసి సరేననే వరకు ఆ ఇరవై నిమిషాల పరుగు కూడా మొదలుపెట్టకండి.