ఎలక్ట్రిక్ ఆర్‌సీ జెట్‌కు ఏ బ్యాటరీ సరిపోతుంది?

70 మిల్లీమీటర్ల డక్టెడ్ ఫ్యాన్ (గొట్టం లోపల తిరిగే ఫ్యాన్) ఉన్న ఆర్‌సీ, అంటే రిమోట్ కంట్రోల్ జెట్‌కు 6ఎస్ (ఆరు సెల్‌లు వరుసగా కలిపిన) లిపో (లిథియం పాలిమర్) ప్యాక్‌ల్లో దేన్ని ఎంచుకోవాలన్నది ప్రశ్న. ముందుగా తెలుసుకోవలసింది పూర్తి థ్రాటిల్‌లో మోటారు లాగే కరెంటు. అది 65 ఆంపియర్లనుకుంటే, 4000 ఎంఏహెచ్ (అంటే 4 ఆంపియర్-అవర్ల సామర్థ్యం), 25సీ (ఆ సామర్థ్యపు అంకెకు 25 రెట్ల ఆంపియర్లు) ప్యాక్ లెక్క ప్రకారం 100 ఆంపియర్లు ఇవ్వాలి. కానీ లేబుల్ మీది సీ అంకెలను చాలా కంపెనీలు పెంచి వేస్తాయి కాబట్టి 40సీకి తగ్గకుండా తీసుకోవడమే మేలు.

సామర్థ్యం పెంచుకుంటూ పోతే బరువు పెరుగుతుంది, దానితో దిగే వేగమూ పెరుగుతుంది. చిన్న రన్‌వేపై ఇది నిజంగా ప్రమాదం. కొన్న ప్యాక్‌ను కానోపీ (విమానం పైమూత) కింద ముందుకూ వెనక్కూ జరుపుతూ, రెక్కల కింద తయారీదారు గుర్తుపెట్టిన చోట వేళ్లు ఆనించి ఎత్తినప్పుడు జెట్ సమతూకంగా నిలిచే చోటు చూసి, వెల్క్రో పట్టీతో గట్టిగా బిగించాలి.

సగటున 45 ఆంపియర్లు లాగితే, ప్యాక్ సామర్థ్యంలో 80 శాతం వాడకానికి నాలుగు నిమిషాలకు కాస్త ఎక్కువే వస్తుంది. అయినా టైమర్‌ను మూడున్నర నిమిషాలకే పెట్టండి. ల్యాండింగ్ కుదరక మళ్లీ పైకి లేపవలసి వస్తే ఆ మిగులే విమానాన్ని కాపాడుతుంది. ఎగరని రోజుల్లో సెల్‌కు 3.8 వోల్టుల వద్ద నిల్వ ఉంచాలి.