ముందు ఎక్కడ పట్టేసిందో చూడు

అమ్మాయీ,

నీ కథ అందింది. మొదటిసారి చదివి కోపమొచ్చి పక్కన పెట్టేశాను. మళ్లీ తీయడానికి కారణం రెండో పేజీలో ఒక్క వాక్యం. నాన్న పోయిన ఏడాది నుంచీ అమ్మ ట్రాక్టరు బానెట్ మీద వడియాలు పెడుతోందని రాసి, దాని గురించి ఇంకేం చెప్పకుండా ముందుకెళ్లిపోయావు. బాగుంది. దాన్ని కదపొద్దు.

ఇక కోపం సంగతి. ఆరేళ్లుగా కొట్టంలో నిలబడిపోయిన మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టరు. హైదరాబాద్ నుంచి కొడుకు వస్తాడు, అమ్మకానికి బేరం పెడతాడు. కొనడానికొచ్చినవాళ్లు తోస్తే కదలదు. ఊళ్లో నలుగురూ కలిసి తోసినా కదలదు. ఆ రాత్రి కొడుకు స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చి, కళ్లు తుడుచుకుని తాళం తిప్పుతాడు. బండి స్టార్టయిపోతుంది. నాన్న పిలిచినట్టు వినిపిస్తుంది. అమ్మకం మానుకుంటాడు. ఇదీ నీ కథ.

ఆరేళ్లు ఛార్జింగ్ లేని బ్యాటరీకి తాళం తిప్పితే టక్కుమన్న చప్పుడు కూడా రాదు. బ్యాటరీ కొత్తది వేసినా డీజిల్ పైపుల్లో గాలి చేరి ఉంటుంది, ఎయిర్ తీయందే డీజిల్ పంపు దాటదు. అసలు నువ్వు చెప్పిన కష్టం ఏమిటి? బండి తోస్తే కదలడం లేదని. స్టార్టవడం వేరు, కదలడం వేరు. న్యూట్రల్‌లో ఉన్న ట్రాక్టరు, ఇంజను పూర్తిగా పట్టేసి ఉన్నా సరే, టైర్లలో గాలుంటే తోసినప్పుడు దొర్లాలి. దొర్లలేదంటే పట్టేసింది ఇంజను కాదు, ఇంకేదో. ఆ ఇంకేదో ఏమిటని పద్నాలుగు పేజీల్లో ఒక్కళ్లు కూడా అడగలేదు. కొడుకు అడగలేదు, కొనడానికొచ్చినవాడు అడగలేదు. టన్నున్నర పైన ఉన్న ఇనుమును కొనబోయేవాడు వంగి చక్రం లోపలికి చూడకుండా ఉంటాడా?

మన జిల్లాల్లో ట్రాక్టరు తెలియని ఊరు లేదు. పొగాకు, మిర్చి, వరి, కంకర, ఇసుక, పెళ్లివారు, అన్నీ దాని మీదే వెళ్తాయి. నీ కథ చదివేవాళ్లలో సగం మందికి నీకంటే ఎక్కువ తెలుసు. ఓసారి పొదిలి బస్టాండులో నా పక్కన కూర్చున్న ఒక డ్రైవరు చేతిలో వారపత్రిక ఉంది. కథ చదువుతున్నాడు. సగంలో మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఏమైందన్నాను. "రెండు టైర్లూ దిగిపోయిన ట్రక్కును ఒక్కడే తోసుకుంటూ పోయాడంట సార్" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. ఆ రచయిత ఆ తర్వాత పేజీలో ఎంత గొప్ప దుఃఖం రాసి ఉన్నా, ఆ మనిషికి ఇక అందదు.

నేను నమ్మేది ఒకటే, దాన్ని పట్టుకునే ఇన్నేళ్లు రాశాను. పని తెలియకుండా బాధ రాయకూడదు. మన మనుషుల బాధ వాళ్లు చేసే పనిలో ఉంటుంది. చేతుల్లో, పనిముట్లలో, చెడిపోయిన వస్తువులో ఉంటుంది. ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే బాధ ఎక్కడ దాక్కుందో దానంతట అదే కనబడుతుంది. తెలుసుకోకపోతే కన్నీళ్లు తెచ్చి పైన పోయాల్సి వస్తుంది. నువ్వు చేసింది అదే.

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లని అడుగు. కావలికి తూర్పున, రాత్రిపూట సముద్రం వినపడేంత దూరంలో మా మేనమామ ఊరు. ఆయనకు ఒక పాత మాస్సీ ఉండేది. వాన నీళ్లు దిగకుండా దాని సైలెన్సర్ మీద ఎప్పుడూ ఒక రేకు డబ్బా బోర్లించి పెట్టేవాడు. తుఫాను గాలికి ఆ డబ్బా ఎగిరిపోయింది. కొట్టం కూలి బండి పక్కనే పడింది. ఇల్లు నిలబెట్టుకోవడం, పశువులు, నష్టపరిహారం కోసం తిరగడం, వీటిలో పడి ట్రాక్టరు వైపు ఎవరూ చూడలేదు. చూసేసరికి ఎండాకాలం వచ్చేసింది. కదల్లేదు.

కావలి నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. అందరం భాయ్ అనేవాళ్లం. నేను ఆయన వెనకాలే తిరిగాను, నోట్‌బుక్ పట్టుకుని. వచ్చీరాగానే ఏ పానా పట్టలేదు. ముందు రెండు వెనక చక్రాల చుట్టూ నడిచి, చక్రం కింద అడ్డంపెట్టిన రాయి ఇంకా అక్కడే ఉందేమో చూశాడు. ఉంది! మట్టిలో కూరుకుపోయి ఎవరికీ కనబడలేదు. దాన్ని తవ్వి తీశాడు. తర్వాత సీటెక్కి గేరు రాడ్డు న్యూట్రల్‌లో ఉందో లేదో ఆడించి చూశాడు, పక్కన వేగం మార్చే హై-లో లీవర్ కూడా చూశాడు. అప్పుడు ఇంకో ట్రాక్టరుకి గొలుసు కట్టించి, గుంజవద్దు, నెమ్మదిగా బిగించమన్నాడు. బండి జానెడు జరిగింది, కానీ వంకరగా. దిగి నేలమీద చూపించాడు. ఎడమ చక్రం తిరిగింది, దాని అచ్చు మట్టిలో పడింది. కుడి చక్రం తిరగలేదు, నేలమీద పొడుగ్గా గీత గీసింది. "కుడి బ్రేకు" అన్నాడు. ఆ గీత చూసే చెప్పాడు.

చక్రం విప్పాక సుత్తితో బ్రేకు డ్రమ్ము చుట్టూ చిన్నచిన్నగా తట్టుకుంటూ పోయాడు. కొన్నిచోట్ల చప్పుడు మూసుకుపోయినట్టు వచ్చింది, కొన్నిచోట్ల మోగింది. బ్రేకు షూ తుప్పుతో డ్రమ్ముకి అతుక్కుపోయింది. పక్కన ఎవరో కిరసనాయిలు పోద్దామన్నారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. షూ మీద నూనె పడితే బండి కదులుతుంది గానీ ఆ తర్వాత ఆగదు. కీలు ఉన్న చోట మాత్రం ఒక్కో చుక్క వేసి, అడ్జస్టరు వదులు చేసి, తట్టి, ఆగి, మళ్లీ తట్టి, మధ్యాహ్నానికి డ్రమ్ము ఊడదీశాడు.

తర్వాత ఇంజను. ఎగిరిపోయిన డబ్బా అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. సైలెన్సర్‌లోంచి దిగిన నీళ్లు ఏ సిలిండరు వాల్వు తెరిచి ఉందో అందులోకి పోతాయి, పిస్టన్ రింగులు సిలిండరు లైనరుకి తుప్పు పట్టేస్తాయి. మామయ్య తొందరపడ్డాడు. గేరులో వేసి ఇంకో ట్రాక్టరుతో లాగితే తిరగదా అన్నాడు. భాయ్ వినలేదు. అలా లాగితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, పోయేది పెద్ద ఖర్చు అన్నాడు. డీజిల్ చిమ్మే మూడు నాజిళ్లూ విప్పి, ఆ రంధ్రాల్లో డీజిల్, ఇంజనాయిల్ కలిపి పోశాడు. ముందున్న పుల్లీ మీద చాక్‌పీసుతో ఒక గీత, దానికి ఎదురుగా ఇంజను బాడీ మీద ఒక గీత పెట్టాడు. రోజూ పొద్దున వచ్చి, స్టార్టరు విప్పిన సందులోంచి ఫ్లైవీల్ పళ్లకి రాడ్డు ఆనించి, ఇటు కొంచెం అటు కొంచెం ఒత్తి, గీతల వైపు చూసి, ఏం మాట్లాడకుండా వెళ్లిపోయేవాడు. ఇంటిల్లిపాదీ ఆ గీతల చుట్టూ తిరిగేవాళ్లం. మా అత్త నీళ్లకు పోతూ ఆగి చూసేది. చివరికి ఒకరోజు పొద్దున పుల్లీ మీది గీత వడ్లగింజంత పక్కకి జరిగి ఉంది. మామయ్య అరుగు మీద కూలబడి తలగుడ్డతో మొహం కప్పుకున్నాడు. బండి ఇంకా స్టార్టవలేదు, గుర్తుపెట్టుకో. గీత జరిగిందంతే.

దీన్ని కథగా రాశాను. అప్పుడు మాకు పొగాకు ఉండేది. ఆకు ఎండబెట్టే బ్యారన్ గదికి పొయ్యి మండుతున్న రాత్రుళ్లు థర్మామీటరు చూస్తూ, పొయ్యిలో కట్టెలు తోస్తూ, గోడకానుకుని రాసుకునేవాణ్ని. ఐదారు రోజులు నిప్పు ఆరకూడదు. ఆకు పసుపు పట్టే వేళ వేడి ఎక్కువైతే పచ్చగానే ఎండి, వేలంలో ధర పడిపోతుంది. ఆ కాపలాలో మెలకువ తప్పదు కాబట్టి రాయడానికి అంతకంటే మంచి చోటు నాకు దొరకలేదు. కథ ఒక వారపత్రికకు పంపాను. "పానాలు, బోల్టులు తగ్గించి మానవ సంబంధాలు పెంచండి" అని తిరిగొచ్చింది. ఇంకో పత్రిక వేసుకుంది. వేసుకుంది అంటే, చాక్‌పీసు గీత ఉన్న పేరా మొత్తం కోసేసి, మామయ్య ఏడుపు మాత్రం ఉంచి, ఆఖర్లో "మట్టి మనిషిని మరచిపోదు" అని నాకు తెలియకుండా ఒక వాక్యం చేర్చి వేసింది. గీత లేకుండా ఆ మనిషి ఎందుకు ఏడ్చినట్టు? ఆ ఎడిటరుకి ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. ఇన్నేళ్లయినా ఆ వాక్యం చూస్తే ఒళ్లు మండుతుంది. నాది కాని వాక్యం కింద నా పేరుంది.

ఇప్పుడు వాళ్లే నయమనిపిస్తోంది. సంక్రాంతి పోటీ అంటారు, వెయ్యి పదాలు దాటకూడదంటారు, అందులోనే పల్లె, తల్లి, కన్నీరు, కొసమెరుపు ఉండాలంటారు. హైదరాబాద్ నుంచో అమెరికా నుంచో కొడుకు దిగాలి, పాత వస్తువు పట్టుకుని ఏడవాలి, మనసు మార్చుకోవాలి. బావి, మంచం, సైకిలు, ఇప్పుడు ట్రాక్టరు. నీకు ఆ ఫ్యాషన్ ఎవరు నేర్పారో తెలియదు గానీ, నీ కథలో కొడుకు ఎందుకున్నాడు? కథతో పాటు పంపిన ఉత్తరంలో ఇది మా ఇంటి సంగతే అన్నావు, ఆ ఇంటికి నువ్వు ఒక్కదానివే అన్నావు. కొట్టంలో నిలబడింది కూతురు. కొనడానికొచ్చినవాడు కూతురితో ఎలా మాట్లాడతాడు, "ఇంట్లో మగాళ్లెవరూ లేరా" అంటాడా అనడా, ధర ఎక్కడికి దించుతాడు, ఇవన్నీ నీకు తెలుసు. తెలిసినదాన్ని తీసేసి తెలియని కొడుకుని తెచ్చి పెట్టావు.

ఇక పట్టేసిన చోటు. దాన్ని బట్టి కథే మారిపోతుంది. సైలెన్సర్ మీద డబ్బా పెట్టేవాళ్లు లేక ఇంజను పట్టేసిందంటే అది ఆరేళ్ల అశ్రద్ధ కథ, అందులో నువ్వూ ఉన్నావు, అమ్మా ఉంది. న్యూట్రల్‌లో దొర్లుతోంది గానీ గేరేసి క్లచ్ తొక్కినా ఇంజను వదలడం లేదంటే, క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి అతుక్కుంది, అది ఇంకో కథ. నీ బండి న్యూట్రల్‌లోనే కదలడం లేదు. రెండు వెనక చక్రాలూ తిరగలేదని నువ్వే రాశావు. అప్పుడు మొదట చూడాల్సింది ఏమిటో చెప్పనా? పాత మాస్సీల్లో బ్రేకు పెడళ్ల దగ్గర చిన్న పళ్ల కొక్కెం ఉంటుంది. బండి ఆపి దిగేముందు బ్రేకు తొక్కి ఆ కొక్కెం పడేస్తే పెడల్ లేవదు, రెండు చక్రాలూ కదలవు. మళ్లీ బ్రేకు గట్టిగా తొక్కి, కొక్కెం పైకి లేపితేనే వదులుతుంది.

ఆ కొక్కెం వేసింది ఎవరు? మీ నాన్న. ఆఖరిసారి పొలం నుంచి వచ్చి, బండి కొట్టంలో పెట్టి, రోజూ లాగే బ్రేకు వేసి దిగాడు. ఆ తర్వాత ఎవరూ దాన్ని తియ్యలేదు. ఆరేళ్లుగా మీ ఇంట్లో ఆ బండిని పట్టుకుని ఆపుతున్నది ఆయన కాలితో తొక్కిన ఆ తొక్కుడే. నీ కథ ఇక్కడుంది, అమ్మాయీ. నలుగురు మనుషులు తోసినా కదలనిది, ఒక మనిషి తన మామూలు సాయంత్రం పనిగా చేసి వదిలిన సంగతి. దానికి స్టీరింగ్ మీద కన్నీళ్లు అక్కర్లేదు, నాన్న గొంతు అక్కర్లేదు. ఆ పెడల్ మీద ఎవరు కాలు పెడతారు, కొక్కెం ఎవరు లేపుతారు, లేపాలని ఎవరికైనా ఉందా, ఇది రాయి. అమ్మకి ఆ కొక్కెం సంగతి ముందే తెలుసేమో కూడా ఆలోచించు. తెలిసీ కొనేవాళ్లకి చెప్పకుండా ఊరుకుందేమో.

ఇదంతా నేను ఇక్కడ కందుకూరులో కూర్చుని అనుకుంటున్నది. నీ బండిలో పట్టేసింది కొక్కెం కాకపోవచ్చు. అందుకే ముందు వెళ్లి చూడమంటున్నాను. ఏది పట్టేసి ఉంటే అదే రాయి, నేను చెప్పిందని కొక్కెం పెట్టొద్దు.

యాసలో రాయాలా అని అడిగావు. మీ కనిగిరి వైపు మనుషులు ఎలా మాట్లాడితే అలా మాట్లాడనివ్వు. ఇప్పుడు కొందరు ప్రతి వాక్యంలో ఒక యాస మాట గుచ్చి ప్రాంతీయ కథ అంటున్నారు. బ్రేకు అనే మనిషి చేత నిరోధకం అనిపించకపోతే చాలు. పత్రికల చిరునామాలు ఇప్పుడు పంపను, కథ తిరగరాశాక మాట్లాడదాం.

ఈ ఆదివారం మీ ఊళ్లో ట్రాక్టరు తెలిసిన మనిషిని ఒకర్ని వెంటబెట్టుకుని కొట్టంలోకి వెళ్లు. చక్రాల కింద రాయి, గేరు, హై-లో, కొక్కెం, ఈ వరసలో చూడండి. కొక్కెం తీసినా కదలకపోతే షూ డ్రమ్ముకి అతుక్కుని ఉంటుంది, అప్పుడు జాకీ పెట్టి చక్రం విప్పాల్సిందే. ముందు చక్రాలకి రెండు వైపులా రాళ్లు పెట్టించు. ఉత్త జాకీ మీద నమ్మకంతో కిందకి ఎవర్నీ దూరనివ్వద్దు, నువ్వూ దూరొద్దు. ఇరుసు కింద మందపాటి చెక్క దిమ్మెలు పెట్టాకే చెయ్యి లోపల పెట్టమను. ఎవరైనా గేరులో వేసి లాగుదామంటే ఒప్పుకోకు. చూసింది చూసినట్టు ఆ రాత్రికే నోట్‌బుక్‌లో రాసుకుని, ఆ కాగితాలు నాకు పంపు. కథ తర్వాత.

ఆశీస్సులతో,
కందుకూరు నుంచి
మీ పెదనాన్న లాంటివాడు